గాలి దూరని గది

"ఆ కిటికీ తెరిచింది ఎవరు?"

మామగారు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి. ఆయన అరిచే మనిషి కాదు. కోపం వస్తే ఆయన మాట ఇంకా మెత్తబడుతుంది, నాడి పట్టుకుని రోగితో మాట్లాడుతున్నట్టు.

మంచం పక్కన పళ్ళెం ఉంది. తెల్లవారి తాగించిన శొంఠి కషాయమంతా అత్తగారు అందులోకే కక్కేసింది. ఆడపడుచు బుల్లి, తల్లి మూతి తుడిచి, గుడ్డను పళ్ళెంలో పడేసి, తలెత్తకుండానే అంది.

"ఎవరు తెరుస్తారు నాన్నా? నేను తెరవలేదు. అమ్మ లేవలేదు. అన్నయ్యకి ఆ కిటికీ పెళ్ళాం కన్నా ముద్దు. ఇంక ఇంట్లో మిగిలింది ఎవరు?"

"నేనే తెరిచాను మామయ్యా," అంది కోడలు.

"ఎందుకమ్మా?"

"గదిలో ఊపిరాడనట్టు అనిపించింది. అత్తయ్య మొహం చూస్తే భయం వేసింది."

"మొహానికేమైంది?"

ఆయన కుంపటి దగ్గర నుంచి లేచి వచ్చారు. భార్య గడ్డం కింద వేలు పెట్టి, మొహాన్ని వెలుతురు వైపు తిప్పారు.

"చూడు. స్నానాలగదిలో జారిపడి మంచమెక్కిన రోజున ఈ బుగ్గలు సున్నం కొట్టిన గోడలా ఉండేవి. ఇప్పుడు ఎంత ఎర్రగా తేరుకున్నాయో చూడు. ఒంట్లో రక్తం కదులుతోంది. దీన్ని చూసి భయపడతారా ఎవరైనా?"

బుగ్గలు ఎర్రగా ఉన్న మాట నిజమే. కోడలి భయం కూడా అదే. బుగ్గలకున్న కళ కళ్ళలో లేదు. అవి దూలం మీద ఏదో పోగొట్టుకున్నట్టు అక్కడే తిరుగుతున్నాయి.

"ఈ కాలంలో ఒంటి బయట చలి బలంగా ఉంటుంది, కడుపులో నిప్పు బలంగా ఉంటుంది," అన్నారు మామగారు. "రెండింటి మధ్యా మనిషిని కాపాడుకోవాలి. నువ్వుల నూనె మర్దనా, గోరువెచ్చని నీళ్ళు, ముక్కులో నూనె చుక్క, నిప్పుల వేడి తగిలే లోపలి గది. ఇది నేను కల్పించింది కాదమ్మా. మా తాతల నాటి నుంచి చదువుకున్నది, చేసి చూసింది. ఒక్క చలిగాలి తెర చాలు, ఇన్నాళ్ళూ పడిన పాటంతా నీళ్ళపాలు కావడానికి."

"వాంతి నేను కిటికీ తెరవక ముందే మొదలైంది మామయ్యా."

"అయితే అంతకు ముందు కూడా ఎప్పుడో తెరిచి ఉంటావు."

ఆమె కుంపటి వైపు చూసింది.

"కుంపట్లో పొగ ఉందా? వాసన ఉందా?" అన్నారాయన. "బొగ్గులు పెరట్లో రాజేసి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే లోపలికి తెస్తాను. ఇంకొకరి చేత తేనివ్వను కూడా."

"వదినకి ఊపిరాడకపోతే అందరం పోయి బజార్లో పడుకోవాలి కాబోలు," అంది బుల్లి, కణతలు నొక్కుకుంటూ.

"గొడవలు పడకండర్రా," అంది అత్తగారు. మాట ముద్దముద్దగా వచ్చింది. "తల… పగిలిపోతోంది."

"కఫం కరుగుతోంది. కరిగేటప్పుడు తల దిమ్ముగానే ఉంటుంది. ఓర్చుకో," అని ఆమె నుదుటి మీద అరచేయి పెట్టారు మామగారు. ఆ చేయి పెట్టిన తీరు చూస్తే ఎవరికైనా ఆయన మీద కోపం నిలవదు. పెళ్ళయి వచ్చిన మొదటి చలికాలం ఆ చేయే కోడలికీ మందు వేసింది. చిన్నప్పటి నుంచీ పీడించిన దగ్గు ఆ ఏడాదితో పోయింది. మళ్ళీ రాలేదు. ఆయన మందు అబద్ధం కాదు. అదే ఆమెకు నోరు లేకుండా చేస్తోంది.

"ఇంక ఆ కిటికీ జోలికి వెళ్ళనని చెప్పు."

ఆమె గుమ్మం వైపు చూసింది. భర్త అక్కడే నిలబడ్డాడు. జుట్టులో చిత్రిక పొట్టు, చెవి మీద పెన్సిలు. పనిలోకి వెళ్ళబోతూ ఆగినవాడు, గడప మీద పగులును కాలి బొటనవేలితో తడుముతున్నాడు. తల ఎత్తలేదు.

"వెళ్ళను మామయ్యా," అంది.

ఆయన కిటికీ రెక్కలు దగ్గరికి లాగారు. పాత కిటికీ అయితే కిర్రుమనేది, కొట్టుకునేది. ఇది చప్పుడే చేయలేదు. నగలపెట్టె మూత పడ్డట్టు పడింది.

*

వీధిలోకి వచ్చేసరికి చలి మొహం మీద చెంబుడు నీళ్ళు కొట్టినట్టు తగిలింది. నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని నిలబడింది. కాళ్ళు తేలిపోతున్నాయి. కాసేపటికి సర్దుకుని నడిచింది.

ఆమె పనిచేసే కుట్టుషెడ్డుకు రేకుల కప్పు, మూడు పక్కలే గోడలు. నాలుగో పక్క రోడ్డే. బడిపిల్లల బట్టలు కుడతారక్కడ. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటాయి. కత్తెర పట్టే పెద్దావిడను అందరూ మాస్టరమ్మ అంటారు. ఆవిడ కత్తెర కన్నా నోరే పదును.

"ఏమే, ఇవాళా రాత్రంతా తాగి వచ్చినట్టే ఉన్నావు. కాలరు బదులు వేలు కుట్టేస్తావు, చూసుకో."

"తల బరువుగా ఉంది మాస్టరమ్మా."

"నీ తల బరువు నేను రోజూ చూస్తున్నదేగా! పొద్దున్నే శవంలా వస్తావు. టీ తాగే వేళకి మనిషివవుతావు. పొద్దుగూకేసరికి మా అందరినీ ఆడిపోసుకునేంత హుషారు వస్తుంది. ఇంటికి పోయి మళ్ళీ చచ్చి వస్తావు. మీ మామగారి మందు మా షెడ్డులోకి వచ్చాక గానీ పనిచేయదా ఏమిటి?"

మిషన్ల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే మిషను ఆపింది.

ఆ మాట ఎటు తిప్పి చూసినా ఒకవైపే పడుతోంది. తెల్లవారకముందే ఆ గదిలో అత్తగారి పనులు చేసి, షెడ్డుకు వచ్చాక తను తేరుకుంటోంది. భర్త కూడా తన పనిపాకలో ఉన్నంతసేపూ బాగుంటాడు. అన్నం తినడానికి వచ్చి లోపలి గదిలో తల్లి దగ్గర కూర్చుంటే కళ్ళు మూతలు పడతాయి. బుల్లి రాత్రిళ్ళు తల్లి దగ్గరే పడుకుంటుంది. పొద్దున లేస్తే కసురుకుంటుంది, కణతలు నొక్కుకుంటుంది. మామగారు పగలు ముందుగదిలో రోగుల మధ్య ఉంటారు కాబట్టి సరిపోతోంది.

ఆ గది దాటి బయటికి రానిది అత్తగారు ఒక్కతే.

మాస్టరమ్మతో చెప్పకుండానే ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "ఏయ్, ఎక్కడికే?" అన్న కేక వెనక వినిపించింది.

*

పనిపాకలో భర్త తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. ఆమెను చూసి చేయి ఆపలేదు.

"ఏంటి, ఈ వేళప్పుడు?"

"ఒక మాట చెప్పాలి. కోపం తెచ్చుకోకూడదు."

"ఆ ముక్క ముందే అన్నావంటే కోపం తెప్పించే మాటే."

ఆమె చెప్పింది. షెడ్డు సంగతి, తల బరువు సంగతి, ఎవరెవరు ఎప్పుడు తేరుకుంటున్నారో ఆ సంగతి. బొగ్గులకు పొగ లేకపోయినా వాటి చెడుగాలి వాటికి ఉంటుందని, మూసిన గదిలో అది ఎటూ పోలేక మనిషి ఒంట్లోకే పోతుందని చెప్పింది. చెక్క మీద నుంచి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి కింద పడుతూనే ఉంది.

"కుంపటి ఇవాళ కొత్తగా పెట్టారా?" అన్నాడు. "నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చలికాలం వస్తే ఆ గదిలో కుంపటి ఉంది. మా నాయనమ్మ ఆ వేడిలోనే తొంభై ఏళ్ళు బతికింది. ఆవిడకి రాని చెడుగాలి ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?"

"అప్పుడు ఈ కిటికీ లేదుగా."

చిత్రిక ఆగింది.

"పాత కిటికీ రెక్కల సందులో వేలు పట్టేది. తలుపు కింద నుంచి పిల్లి దూరేది. గాలి వచ్చేది, పోయేది. ఈ ఏడాదే కదండీ మీరు కిటికీ మార్చింది, తలుపు కింద పట్టీ కొట్టింది."

అతను చెక్క మీద పొట్టును అరచేత్తో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

ఆ కిటికీ సంగతి ఆమెకు తెలియనిది కాదు. తండ్రి చేతి వైద్యం నేర్చుకోలేదని, మందులు నూరాల్సిన చేత్తో ఉలి పట్టాడని, ఇంట్లో అతన్ని చిన్నప్పటి నుంచీ చెక్కపురుగు అనే పిలిచేవారు. ఆ చెక్కపురుగే తల్లికి చలి తగలకూడదని కిటికీ చట్రం చుట్టూ ఉన్ని పట్టీ దూర్చి బిగించాడు. దీపం దగ్గర పెట్టి, వత్తి వణకడం లేదని అందరినీ పిలిచి చూపించాడు. ఆ రోజు మామగారు కొడుకు భుజం మీద చేయి వేశారు. "పనికొచ్చే పని చేశావురా," అన్నారు. ఆ మాట అతను ఆమెకు ఆ రాత్రి చెప్పాడు, మర్నాడు చెప్పాడు, తర్వాత ఏదో కబురు మధ్యలో మళ్ళీ చెప్పాడు.

"నాన్నకి చెప్పకు," అన్నాడు చివరికి.

"చెప్పకపోతే ఎలాగండీ?"

"చెబితే ఏమంటాడు? ఆయన వైద్యం తప్పు కాదు. నా కిటికీ తప్పు. అంతేగా తేలేది? ఒక్క పని… జన్మలో ఒక్క పని…" మిగతాది మింగేశాడు.

"అత్తయ్య సంగతో?"

"సాయంత్రం నాన్న రోగుల దగ్గర ఉంటాడు. బుల్లి వంటింట్లో నూనె కాస్తుంటుంది. నేను వెళ్ళి చట్రం అడుగున ఉన్న పట్టీ ఊడదీసేస్తా. పైకి కనబడదు. గాలి దాని దారిన అది వచ్చి పోతుంది. కుంపటీ ఉంటుంది, నాన్న మాటా ఉంటుంది, అమ్మా బాగవుతుంది. నువ్వు మాత్రం నోరు మెదపకు."

అందరి పరువూ నిలిచే ఉపాయం అది. ఆ ఇంట్లో ఏ పనైనా అలాగే నిలబడుతుంది, ఏదో ఒక మూల కింద చెక్కముక్క దోపితే. కాదనవలసింది. కానీ పొద్దున గడప మీద అతను బొటనవేలితో పగులును తడుముతూ నిలబడిన తీరు ఆమె కళ్ళ ముందు ఉంది.

"మరిచిపోరుగా?" అంది.

"అమ్మ నాకూ అమ్మే," అన్నాడు.

*

మరిచిపోలేదు. మర్నాడు పొద్దున్న ఆ సంగతి అత్తగారి మొహంలోనే కనిపించింది.

ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చుంది. బుగ్గల ఎరుపు తగ్గింది. కళ్ళు మనిషిని మనిషిగా పోల్చుకుంటున్నాయి. కోడలు జావ తెస్తే గిన్నె అందుకుని, ఎగాదిగా చూసింది.

"ఇవాళ తల దువ్వుకున్నావే! నేను మంచం మీద ఉన్నన్నాళ్ళూ దువ్వెన కూడా మంచమెక్కిందనుకున్నా."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బుల్లి కూడా కణతలు పట్టుకోలేదు.

"చూశారా, లేహ్యం పట్టింది," అన్నారు మామగారు. మొహం విప్పారింది. ఆయన కోడలిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. నాడి చూశారు. సీసాలోంచి లేహ్యం తీసి ఆమె అరచేతిలో పెట్టారు.

"నీకూ ఒంట్లో సత్తువ లేదు. రోజూ ఆ రేకుల షెడ్డులో చలికి కూర్చుంటావు. మెడకి గుడ్డ చుట్టుకుని వెళ్ళు. నిన్న నేనన్న మాట మనసులో పెట్టుకోకు తల్లీ. మీ అత్తయ్యకి ఏమన్నా అయితే నేను చదివిన చదువెందుకు? ఆ భయం కొద్దీ అన్నాను."

తల్లీ అనే మాట ఆయన నోట ఎప్పుడో గానీ రాదు. చెప్పేద్దామనుకుంది. ఇప్పుడు చెబితే వింటారనిపించింది. నోరు తెరిచింది.

గుమ్మంలో భర్త దగ్గాడు.

ఆమె లేహ్యాన్నీ మాటనూ కలిపి మింగేసింది.

పనికి బయల్దేరుతూ లోపలికి తొంగి చూసింది. మామగారు భార్య భుజానికి నూనె రాస్తున్నారు. రాస్తున్న చేయి ఉన్నట్టుండి ఆగింది. నూనె తడి ఉన్న మణికట్టును గాల్లోకి ఎత్తి, మెల్లగా అటూ ఇటూ తిప్పారు. ఎక్కడి నాడి కోసమో వెతుకుతున్నట్టు. తల ఎత్తి కిటికీ వైపు చూశారు.

ఏమిటో అనుకుంటూనే ఆమె గడప దాటింది. షెడ్డులో మధ్యాహ్నం దాకా అదే గుర్తొచ్చింది. ఇంటికి పోదామని లేచింది కూడా. "నిన్న మధ్యలో పోయావు, ఇవాళ కూడా పోతే రేపు రానే అక్కర్లేదు," అంది మాస్టరమ్మ. ఈసారి ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. ఆమె కూర్చుంది.

*

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. ముందుగదిలో రోగులు లేరు. మామగారి కుర్చీ ఖాళీగా ఉంది. వంటింట్లో బుల్లి పీట మీద చతికిలబడి, గోడకు తల ఆనించి కూర్చుంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"వచ్చావా వదినా? నువ్వుంటే అడ్డుపడేదానివి. లేకపోవడమే మంచిదైంది."

"ఏమైంది?"

"ఇన్నాళ్ళూ అమ్మకి ఎందుకు నయం కావడం లేదో నాన్న కనిపెట్టారు. ఎక్కడి నుంచో సన్నగా చలిగాలి దూరుతోంది! మామూలు చేతికి తెలియదు, నూనె చేతికి తెలిసిందట. కిటికీ అడుగున పట్టీ ఊడిపోయి ఉంది. అన్నయ్య పని అంతేగా, చూడ్డానికే సొగసు. మధ్యాహ్నమంతా నేనూ నాన్నా కూర్చుని గుడ్డ పీలికలు కూరాం. పైన పిండి ముద్ద మెత్తాం. కిటికీకి, తలుపు సందులకి, ఆ గోడలో పైన వేలు పట్టేంత కన్నం ఉంది చూడు, దానికి కూడా. చీమ దూరదు ఇప్పుడు."

కోడలి చేతిలో సంచి కిందికి జారింది.

"కుంపటి?"

"రెండోది కూడా పెట్టాం. పోయిన వేడి తిరిగి పట్టాలిగా. అబ్బ, ఏం వెచ్చగా ఉందనుకున్నావ్! నాకు నిద్ర ముంచుకొచ్చేసింది. వికారంగా ఉండి బయటికొచ్చా. నాన్న లోపలి నుంచి తలుపుకి పీలికలు కూరితే, బయట పిండి మెత్తి ఇలా వచ్చి కూర్చున్నా."

"లోపల ఎవరున్నారు?"

"ఇద్దరూ ఉన్నారు. నాన్న నూనె రాస్తున్నారు. ఈలోగా నువ్వొచ్చి తెరుస్తావని లోపల గడియ పెట్టుకున్నారు."

ఆమె అప్పటికే తలుపు దగ్గర ఉంది. రెండు చేతులతో బాదింది.

"మామయ్యా! మామయ్యా, తలుపు తీయండి!"

లోపల చప్పుడు లేదు. సందులో పిండి ఇంకా పచ్చిగానే ఉంది. వేలితో పీకితే గుడ్డ పీలిక కొస కనిపించింది. లాగితే రాలేదు. లోపలి వైపు నుంచి అంత బిగువుగా కూరారు.

"వదినా, పిచ్చిగానీ పట్టిందా?" అంటూ బుల్లి గోడ పట్టుకుని వచ్చింది. రెండడుగులు వేసి నేల మీద కూలబడింది. తన కాళ్ళ వైపే వింతగా చూసుకుంది.

అప్పుడే పని నుంచి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న భర్త కేకలకు పరుగెత్తుకొచ్చాడు. ఆమె మొహం చూసి, తలుపు సందులో తెల్లటి పిండి చూసి, ఏమీ అడగలేదు. భుజంతో తలుపును గుద్దాడు. టేకు తలుపు. అతనే చేసిన గడియ. కదల్లేదు.

"నాన్నా!"

రెండుమూడు సార్లు పిలిచాక లోపలి నుంచి మామగారి గొంతు వినిపించింది. నూతిలోంచి వస్తున్నట్టు.

"ఎవరూ?"

"నేను నాన్నా. గడియ తీయి."

"ఏ గడియ?"

కోడలు తలుపుకు నోరు ఆనించింది. "మామయ్యా, మీ ఎదురుగా ఉన్న తలుపు. లేచి గడియ తీయండి. ఒక్కసారి లేవండి."

"మెల్లగా మాట్లాడమ్మా," అన్నారాయన. మాటకూ మాటకూ మధ్య చాలా ఖాళీ ఉంది. "మీ అత్తయ్య ఇప్పుడే పడుకుంది. ఇన్నాళ్ళకి… హాయిగా పడుకుంది. తల నొప్పి కూడా లేదంది. లేపకండి."

ఆ తర్వాత ఏదో ఇత్తడి గిన్నె నేల మీద దొర్లిన చప్పుడైంది. అది దొర్లి దొర్లి ఆగింది.

ఇద్దరూ పెరట్లోకి పరుగెత్తారు. దారిలో అతను సుత్తి అందుకున్నాడు. కిటికీ అద్దాలు లోపలి ఆవిరితో తెల్లబడ్డాయి. ఆ తెలుపు వెనక నిప్పుల ఎరుపు రెండు చోట్ల మసకగా వెలుగుతోంది. ఇంకేమీ కనబడటం లేదు.

అతను సుత్తి ఎత్తాడు. ఎత్తిన చేయి అలాగే నిలిచిపోయింది. చట్రం వైపు చూశాడు.

"నాన్న మాట్లాడాడుగా," అన్నాడు. "మాట్లాడుతున్నాడంటే బాగున్నట్టేగా? ఇంకోసారి పిలిచి చూద్దాం. చెబితే తీస్తాడు. ఇంకొక్కసారి…"

"అత్తయ్య మాట్లాడిందా?" అంది ఆమె.

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె అతని చేతిలోంచి సుత్తి లాక్కుని, బలమంతా పెట్టి అద్దం మీద కొట్టింది. లోపలి వేడి ఇద్దరి మొహాల మీదికి ఒక్కసారిగా ఎగదన్నింది. కాగిన నువ్వుల నూనె వాసన కొట్టింది.

గాజు పెంకులు గదిలో నేల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. అంత చప్పుడుకు కూడా లోపల ఎవరూ ఉలిక్కిపడలేదు.